నువ్వూ చేశావుగా!

పడమటి కనుమల పాదాన, బోడిమెట్టు ఘాటు రోడ్డు మొదలయ్యేచోట ఉంది బోడినాయకనూరు. తేని జిల్లాలోని ఈ ఊళ్ళో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడ వేలానికొచ్చే ఏలక్కాయకు గల్ఫ్ దేశాల్లో గిరాకీ ఎక్కువ. అందుకే పడమటాసియాలో బాంబు పడితే ఆ వార్త ఇక్కడి సరుకు ధరనూ తాకుతుంది.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. మామ హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవారు. మేనకోడలు మదురైలోని హైకోర్టు బెంచ్‌లో న్యాయవాది. వాళ్ళ మధ్య ఉన్న ప్రశ్న ఇది: "పరాయి దేశంలోకి సైన్యం పంపకూడదు" అని ఒక అగ్రరాజ్యం హెచ్చరిస్తుంది. ఆ అగ్రరాజ్యం తాను కూడా అదే పని చేసి ఉంటుంది. అప్పుడు ఆ హెచ్చరికకు విలువ ఉందా?

మామ: లేదు పాపా. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇది మన తెలుగువాళ్ళు డబ్బు కట్టి, భూమి పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. 1798 నాటి హైదరాబాదు చూడు. నిజాం అలీ ఖాన్ కొలువులో రేమండ్ అనే ఫ్రెంచివాడు తయారుచేసిన సైన్యం ఉండేది. దాదాపు 14 వేల మంది సిపాయిలు. మూసారాంబాగ్ అనే పేటకు ఆ పేరు ఆయనవల్లే వచ్చింది. ఆ ఏడు మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ నిజాంకు వినిపించిన హెచ్చరిక ఒక్కటే: నీ గడ్డమీద ఫ్రెంచివాళ్ళ చేతికింద సైన్యం ఉంది, అది నీకూ ముప్పే, మాకూ ముప్పే, వదిలించుకో. సెప్టెంబరు 1న ఒడంబడిక రాసుకున్నారు. అక్టోబరు 22న ఆ పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. పెట్టించింది ఎవరు? కంపెనీ సైన్యం. ఆ తర్వాత అక్కడ దిగింది ఎవరు? కంపెనీ పటాలాలు ఆరు. వాటి ఖర్చు ఎవరిది? నిజాంది. ఏటా 24 లక్షల రూపాయలకు పైగా. పరాయి సైన్యం ప్రమాదమని చెప్పినవాడే ఇంకో పరాయి సైన్యాన్ని తెచ్చి, దాని జీతం మనచేత కట్టించాడు.

మేనకోడలు: మామా, ముందు ఒక్క సంగతి తేల్చండి. ఆ హెచ్చరిక అబద్ధమా? 1798 జనవరిలో మారిషస్‌లో ఫ్రెంచి గవర్నర్ మలార్టిక్ బహిరంగంగా ప్రకటన వేశాడు. టిపూ సుల్తాన్ ఫ్రెంచివాళ్ళతో పొత్తు కోరుతున్నాడు, ఇష్టమున్నవాళ్ళు ఆయన సైన్యంలో చేరండి అని. జూలైకి బోనపార్ట్ ఈజిప్టులో దిగాడు. ఫ్రెంచివాళ్ళు ఇక్కడికి రావాలనుకున్న మాట నిజమే కదా.

మామ: నిజమే. కానీ ఆ ప్రకటన విని మంగళూరులో దిగినవాళ్ళు ఎంతమంది? వందమంది లోపు, లేదా కాస్త అటూఇటూ. ఆ వందమందిని చూపించి కంపెనీ ఏం చేసిందో చెబుతాను. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడింది, టిపూ చనిపోయాడు. అంతటితో ఆగిందా? కోటలో దొరికిన కాగితాలు తెచ్చి, ఆర్కాటు నవాబు టిపూతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడన్నారు. మా అనుమతి లేకుండా వేరే రాజ్యాలతో మాట్లాడనని 1792లో ఒప్పుకున్నావు కాబట్టి మాట తప్పావన్నారు. 1801 జూలై 31న కర్ణాటక రాజ్యం మొత్తం రాయించుకున్నారు. నెల్లూరు నుంచి తిరునెల్వేలి దాకా పోయింది. సముద్రాలు దాటి వచ్చి, తనకిష్టమైనవాడితో పొత్తులు కట్టి, తనకిష్టంలేనివాడిమీద దండెత్తిన కంపెనీ, ఈ నేలమీద పుట్టిన నవాబును "పరాయివాళ్ళతో ఉత్తరాలు రాశావు" అని దోషిని చేసింది. దీనికి ఏ కోర్టులో విలువుంటుంది?

మేనకోడలు: ఏ కోర్టులోనూ ఉండదు. కంపెనీకి వకాల్తా పుచ్చుకోవడానికి నేను రాలేదు. కానీ మీరు చెప్పిన కథలో కంపెనీ తప్పు ఎక్కడుంది? "పరాయి సైన్యం ప్రమాదం" అన్న మాటలో లేదు. ఆ మాటను తనకు వర్తించుకోకపోవడంలో ఉంది. మీరు ఆ రెండింటినీ కలిపేసి మాటనే పారేయమంటున్నారు.

మామ: ఆ మాటతోనే కదా ఊళ్ళు పోయాయి! గుత్తి సంగతి తీసుకో. ఈ ఊరి జమీన్ వంశం ఏనాడో గుత్తి సీమ నుంచి వచ్చిందని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. టిపూ రాజ్యాన్ని పంచుకున్నప్పుడు గుత్తి నిజాం వాటాకు వచ్చింది. ఏడాది తిరిగింది. తన దగ్గర పెట్టిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి వచ్చిన జిల్లాలను నిజాం 1800 అక్టోబరులో కంపెనీకే ఇచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప అలా పోయాయి. వాటినే దత్తమండలాలన్నారు. గుత్తి కూడా అందులోదే. థామస్ మన్రో కలెక్టరుగా దిగి అక్కడి పాలెగాళ్ళ కోటలు ఖాళీ చేయించాడు. అంటే ఫ్రెంచివాళ్ళు రాకుండా కాపలా కాస్తామని వచ్చినవాళ్ళకు కాపలా కూలి కింద రాయలసీమ దక్కింది. సైన్యం మాత్రం సికింద్రాబాదులో పాతుకుపోయి, వందేళ్ళు దాటినా కదల్లేదు. ఇక్కడ మన బోడి? దిండిగల్ సీమలోని పాలయాల్లో ఇదొకటి. 1792లో టిపూ చేత రాయించుకున్న శ్రీరంగపట్నం ఒడంబడికతో ఇదీ వాళ్ళ చేతికే పోయింది. పూర్వీకులు బయల్దేరిన ఊరూ పోయింది, చేరిన ఊరూ పోయింది.

మేనకోడలు: మీరు ఒక ముఖం చెప్పారు. రెండో ముఖం నేను చెబుతాను. ఆ సైన్యాలను లోపలికి పిలిచింది ఎవరు? 1757 జనవరిలో బొబ్బిలి కోటమీదికి ఫ్రెంచి సేనాని బుస్సీని తీసుకెళ్ళింది విజయనగరం విజయరామరాజు. ఆయన పోయాక ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ళను తరమడానికి ఇంగ్లీషువాళ్ళను రమ్మన్నాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపగా ఫోర్డ్ సైన్యంతో వచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది, మరుసటి ఏప్రిల్లో బందరు కోట పడింది. ఆ మే నెలలో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ రాసిచ్చిన ఒడంబడికలో ఏముంది? ఫ్రెంచివాళ్ళను ఈ సీమలో ఇకమీద ఉండనివ్వను అని. అంటే మీరు చెప్పిన 1798 నాటకం మొదటిసారి ఆడింది కోస్తాలోనే, నలభై ఏళ్ళ ముందే. ఆడినవాళ్ళలో మన తెలుగు రాజులూ ఉన్నారు.

మామ: ఉన్నారు. కాదనను. ఇక్కడ దక్షిణాదినా అంతే. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్. ఆయనకు ఎదురునిలిచి కంపెనీకి చేయూతనిచ్చిన ఎట్టయాపురం పాలెగాడూ ఆ కులంవాడే. పుదుక్కోట తొండమాన్ కట్టబొమ్మనను పట్టి కంపెనీకి అప్పగించాడు. 1799 అక్టోబరులో కయత్తారులో ఉరి తీశారు. మన పక్కనున్న విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుణ్ణి 1801లో ఉరి తీశారు. ఆయనా మన భాషవాడే.

మేనకోడలు: అదే ఏడు జూన్ 16న శివగంగను ఏలిన మరుదు పాండ్యులు వేయించిన ప్రకటన ఒకటుంది. తిరుచిరాపల్లి కోట గోడమీదా శ్రీరంగం గుడి ప్రాకారంమీదా అంటించారు. అది కంపెనీని తిట్టి ఊరుకోలేదు. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ తెలివి తక్కువతో ఈ యూరోపియన్లకు చోటిచ్చాడని కూడా నిలదీసింది. పరాయి సైన్యం ఇక్కడ ఉండకూడదు అన్న సూత్రాన్ని, కంపెనీ నిజాంకు బోధించిన ఆ సూత్రాన్నే, మరుదు సోదరులు కంపెనీమీదికి తిప్పారు. కంపెనీ కపటి కాబట్టి ఆ మాటే పనికిరాదు అని వాళ్ళు అనుకుని ఉంటే ఆ ప్రకటనలో ఏం రాసేవాళ్ళు? కపటి నోట వచ్చినా మాట మనదే అనుకున్నారు కాబట్టే రాయగలిగారు.

మామ: రాశారు. అక్టోబరులో వాళ్ళనూ ఉరి తీశారు. రాత ఎవరిని కాపాడింది?

మేనకోడలు: వాళ్ళను కాపాడలేదు. కానీ ఆ దారి తర్వాత నడిచినవాళ్ళు ఉన్నారు. అమెరికా ఖండం చూడండి. 1823 డిసెంబరు 2న అమెరికా అధ్యక్షుడు మన్రో యూరపు రాజ్యాలను హెచ్చరించాడు. ఈ ఖండాల్లో మీరు ఇకమీద జోక్యం చేసుకోవద్దని.

మామ: దాని కథ నాకూ తెలుసు. 1904లో థియోడర్ రూజ్వెల్ట్ దానికి తోక తగిలించాడు. యూరపువాడు రాకూడదు, అవసరమైతే పోలీసు పని మేం చేస్తామని. నికరాగువాలో 1912 నుంచి, హైతీలో 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం కూర్చుంది. వెల్లెస్లీ మాటకూ ఈ మాటకూ వెంట్రుకవాసి తేడా లేదు.

మేనకోడలు: లేదు. కానీ ఆ తర్వాత జరిగింది మీరు చెప్పలేదు. లాటిన్ అమెరికా దేశాలు "నువ్వు కపటివి, నీ సూత్రం మాకొద్దు" అనలేదు. "మంచి మాట చెప్పావు, అది నీకూ వర్తిస్తుంది" అన్నాయి. 1933లో మోంటెవిడియోలో కుదిరిన ఒప్పందం 8వ అధికరణం, ఏ దేశానికీ మరో దేశపు లోపలి, బయటి వ్యవహారాల్లో జోక్యం చేసుకునే హక్కు లేదని రాసింది. అమెరికా కొన్ని మినహాయింపులు చెప్పుకుని అయినా దానిమీద సంతకం పెట్టింది. మరుసటి ఏడు హైతీ నుంచి సైన్యాన్ని తీసేసింది. 1945లో ఐక్యరాజ్యసమితి చార్టరు 2వ అధికరణంలో బలప్రయోగం నిషిద్ధమైంది. 1986 జూన్ 27న నికరాగువా అనే చిన్న దేశం అంతర్జాతీయ న్యాయస్థానంలో అమెరికామీద కేసు గెలిచింది. అగ్రరాజ్యం చెప్పిన మాటనే చిన్నవాళ్ళు చట్టంగా మలుచుకున్నారు మామా.

మామ: గెలిచి ఏం తెచ్చుకుంది? అమెరికా తీర్పును లెక్కచేయలేదు. భద్రతామండలిలో వీటో వేసింది. నష్టపరిహారం మాట 1991లో నికరాగువాయే వదులుకుంది. తీర్పు వచ్చిన పదిహేడేళ్ళకు ఇరాక్‌మీదికి దండు వెళ్ళింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌లోకి వెళ్ళినప్పుడు అదే అమెరికా సార్వభౌమత్వం గురించి పాఠం చెప్పింది. బాగ్దాద్‌ను మరిచిపోయి కీవ్ గురించి కన్నీళ్ళు పెట్టుకుంటే నాలాంటివాడు ఏమనాలి? "నువ్వూ చేశావుగా" అనకుండా ఎలా ఉండాలి?

మేనకోడలు: ఆ మాటను ఆ రోజే ఇంకొకరు కూడా అన్నారు. ఎవరో తెలుసా? పుతిన్. యుద్ధం ప్రకటిస్తూ చేసిన ప్రసంగంలో బెల్‌గ్రేడ్‌మీద బాంబులు, ఇరాక్, లిబియా, సిరియా అన్నీ ఏకరువు పెట్టాడు. అందులో చాలాభాగం నిజం. 1999లో నాటో 78 రోజులు భద్రతామండలి అనుమతి లేకుండా బాంబులేసింది. ఇరాక్‌లో ఉన్నాయన్న మారణాయుధాలు దొరకలేదు. ఆ నిజాలు చెప్పి, వాటిమీద నిలబడి పక్కదేశంమీదికి ట్యాంకులు పంపాడు. మీరు బోడిలో కూర్చుని అన్న మాటా, ఆయన క్రెమ్లిన్‌లో కూర్చుని అన్న మాటా ఒక్కటే. అందుకే నాకు ఆ మాటంటే భయం. ఒకడి అతిక్రమణ ఇంకొకడికి అనుమతి పత్రమైపోతోంది.

మామ: ఆగు. ఒక్కటే అనకు. మాట ఒక్కటే కావచ్చు, అడిగేది ఒక్కటి కాదు. పుతిన్ "నువ్వూ చేశావుగా" అన్నప్పుడు అడుగుతున్నది తన వంతు. నువ్వు తిన్నావు, నన్నూ తిననీ అని. నేను అన్నప్పుడు అడుగుతున్నది ఆపమని. నువ్వు చేసిందీ తప్పే, వాడు చేస్తున్నదీ తప్పే, ఇద్దరూ మానండి అని. బలవంతుడి నోట ఆ మాట లైసెన్సు కోసం. బలహీనుడి నోట అది నిలదీత. రెండింటినీ ఒక గాట కట్టి, బలహీనుడి నోరు మూయించకు.

మేనకోడలు: ఈ మాటకు నేను తలవంచుతాను. కానీ ఒక షరతు. మీరు చెప్పిన ఆ రెండో సగం, "వాడు చేస్తున్నదీ తప్పే" అన్నది, పైకి వినబడేలా అనాలి. మనవాళ్ళు చాలామంది మొదటి సగం అని ఊరుకుంటారు. 2022 ఫిబ్రవరి 21 రాత్రి భద్రతామండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ చేసిన ప్రసంగం చూడండి. మా సరిహద్దులూ పరాయి రాజధానుల్లో గీసినవే, అయినా వాటికోసం యుద్ధాలు చేసుకోకూడదని నిర్ణయించుకున్నాం అని రష్యాకు చెప్పాడు. ఆ ప్రసంగంలోనే, ఈ మండలి సభ్యులతో సహా బలమైన దేశాలు కొన్ని దశాబ్దాలుగా అంతర్జాతీయ చట్టాన్ని తుంగలో తొక్కుతున్నాయని కూడా అన్నాడు. రెండు సగాలూ ఒకే నోట, ఒకే రాత్రి. నాకు కావాల్సింది అది.

మామ: కెన్యా అనగలిగింది. మరి మన దేశం?

మేనకోడలు: మన దేశం చాలాసార్లు ఒక సగమే అంది. 1956లో సూయెజ్‌మీద బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ పడితే నెహ్రూ వెంటనే ఖండించారు. అదే రోజుల్లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో దిగితే మన గొంతు తడబడింది. 1980 జనవరి 14న ఆఫ్ఘనిస్థాన్ నుంచి పరాయి సైన్యాలు వెళ్ళిపోవాలని జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు ఓటేశాయి. మనం ఓటేయలేదు. 2022లో 141 దేశాలు రష్యా వెనక్కి వెళ్ళాలన్నాయి. అప్పుడూ మనం ఓటేయకుండా పక్కన నిలబడ్డాం. వాళ్ళు కపటులు అంటున్నప్పుడు ఈ లెక్క కూడా మన ముందుండాలి.

మామ: 104 అన్నావు కాబట్టి ఇంకో 104 గుర్తుచేస్తాను. 1971 డిసెంబరు 7న అదే జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోమని చెప్పాయి. చెప్పింది పాకిస్థాన్‌కూ మనకూ. తూర్పు బెంగాల్లో పాకిస్థాన్ సైన్యం జనాన్ని చంపుతుంటే దాదాపు కోటిమంది మన గడ్డమీదికి పారిపోయి వచ్చారు. వియత్నాంలో ఏళ్ళతరబడి బాంబులేస్తున్న అమెరికా మనల్ని దురాక్రమణదారు అంది. ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపింది. నీ సూత్రం ప్రకారం, చెప్పినవాడు కపటి అయినా మాట మంచిదే కాబట్టి మనం ఆగిపోయి ఉండాలా? ఢాకాలో చంపుడు సాగనివ్వాలా?

మేనకోడలు: గట్టి ప్రశ్న. సూత్రం చెప్పి తప్పించుకోలేను. ఆగకపోవడమే మేలైందని నేనూ నమ్ముతున్నాను. అయితే ఎందుకు నమ్ముతున్నాను? మనవాళ్ళు చేశారు కాబట్టి కాదు. డిసెంబరు 16న పాకిస్థాన్ సైన్యం లొంగిపోయింది. మరుసటి మార్చి నెలలో మన సైన్యం ఢాకా వదిలింది. అక్కడ కంపెనీ రెసిడెంటులాంటి మన ప్రతినిధి కూర్చోలేదు, సైన్యం ఖర్చు కింద ఒక్క జిల్లా రాయించుకోలేదు. వచ్చిన కోటిమందిలో అత్యధికులు తిరిగి వెళ్ళారు. 1798 హైదరాబాదుకూ 1971 ఢాకాకూ మధ్య తేడా ఇదే. వెళ్ళినవాడు చెప్పిన కారణంలో తేడా వెతికితే దొరకదు, ఎందుకంటే అందరూ మంచి కారణాలే చెబుతారు. ఎప్పుడు తిరిగొచ్చాడు, ఏం పట్టుకొచ్చాడు అన్నదాంట్లో ఉంది తేడా.

మామ: అయితే 1987 మాటేమిటి? ఇది మనకు కూతవేటు దూరంలో, శ్రీలంకలో జరిగింది. జూలై 29న కొలంబోలో ఒప్పందం కుదిరింది. దానితోపాటు ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాల్లో, త్రింకోమలి రేవును భారత ప్రయోజనాలకు దెబ్బతగిలేలా ఏ దేశపు సైన్యానికీ ఇవ్వకూడదని రాయించుకున్నాం. ఆ రోజులనుంచే మన సైన్యం యాళ్పాణంలో (జాఫ్నాలో) దిగింది. మూడోవాడి సైన్యం రాకూడదు, మా సైన్యం రావచ్చు. వెల్లెస్లీ ఒడంబడికలోని వాసన నాకు అక్కడ కొట్టింది పాపా. సుమారు 1,200 మంది మన జవాన్లు చనిపోయారు. అక్కడి తమిళ జనం ఎంతమంది చనిపోయారో వాళ్ళ ఇళ్ళకు తెలుసు. తమిళనాడులో పుట్టి పెరిగినవాణ్ణి, దీన్ని వదిలేసి అమెరికానూ రష్యానూ తిట్టడానికి నాకు మనసు రాదు.

మేనకోడలు: వదలకూడదు. అక్కడి అధ్యక్షుడు జయవర్ధనే రమ్మన్నాడు కాబట్టి సరిపోయింది అనడానికీ వీల్లేదు. ఆనంద గజపతి రాజు రమ్మన్నాడని కోస్తా కంపెనీది అయిపోయిందా? పిలిచినవాడు రాజు, అనుభవించేవాళ్ళు జనం. కాకపోతే అక్కడా ఒక తేడా చూడాలి. తర్వాత వచ్చిన ప్రేమదాస 1989లో వెళ్ళిపొమ్మన్నాడు. మనం కొంత పెనుగులాడి, 1990 మార్చి 24కల్లా చివరి సైనికుణ్ణి కూడా తీసుకొచ్చాం. మాల్దీవుల్లో 1988 నవంబరులో అధ్యక్షుడు గయూం పిలిస్తే గంటల్లో వెళ్ళి కుట్ర అణిచాం. అక్కడి అధ్యక్షుడు ముయిజ్జు మీ సైనిక సిబ్బంది వద్దంటే 2024 మే 10 లోపు పిలిపించుకున్నాం. పొమ్మన్నప్పుడు పోవడం చిన్న విషయం కాదు మామా. నిజాం సంతతి నూటయాభై ఏళ్ళు పాలించింది, ఒక్కసారి పొమ్మనగలిగిందా?

మామ: లేదు. అడిగే గొంతు కూడా ఒడంబడికలోనే పోయింది. కంపెనీ అనుమతి లేకుండా యూరోపియన్ ఎవణ్ణీ కొలువులో పెట్టుకోకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. అయితే నీ లెక్కలో అగ్రరాజ్యం హెచ్చరించినప్పుడు మనం ఏం చేయాలి? నమ్మాలా, నమ్మకూడదా?

మేనకోడలు: మా కోర్టుల్లో అప్రూవర్ సాక్ష్యం అని ఉంది. నేరంలో తానూ పాలుపంచుకున్నవాడు బోనెక్కి మిగతావాళ్ళమీద సాక్ష్యం చెబుతాడు. వాడు నేరస్థుడు కాబట్టి వాడి మాట చెల్లదు అని చట్టం అనదు. అలా అంటే ఎన్నో కుట్రలు బయటపడవు. వాడి మాట ఒక్కదాన్నే నమ్మి శిక్ష వేయడానికీ జడ్జీలు వెనకాడతారు. బయటినుంచి ఆధారం ఉందా అని వెతుకుతారు. అగ్రరాజ్యపు హెచ్చరికను నేను అలాగే తీసుకుంటాను. అమెరికా రష్యాను తప్పుపడితే, రష్యా అమెరికాను తప్పుపడితే, ఇద్దరూ ఆ పనిలో ఆరితేరినవాళ్ళు కాబట్టి ఇద్దరికీ ఎదుటివాడి సంగతి బాగా తెలుసు. వినాలి. కానీ వాళ్ళ మాటమీదే నిర్ణయం తీసుకోకూడదు. ఈ గొడవలో లాభం లేనివాడు ఏమంటున్నాడు, ట్యాంకుల కింద ఉన్న జనం ఏమంటున్నారు అని చూడాలి.

మామ: అప్రూవర్ విషయంలో నువ్వు ఒకటి మరిచావు. సాక్ష్యం చెబితే వాడికి క్షమాభిక్ష దొరుకుతుంది. అక్కడే నా పట్టు. అగ్రరాజ్యం హెచ్చరిక చేసేది కూడా తన పాత పాపం మాఫీ చేసుకోవడానికే. ఉక్రెయిన్ పేరు చెప్పి ఇరాక్‌ను మరపించడానికి, ఇరాక్ పేరు చెప్పి ఉక్రెయిన్‌ను సమర్థించుకోవడానికి. సాక్ష్యం తీసుకో, క్షమాభిక్ష మాత్రం పెట్టకు. ఈ ఒక్కటి ఒప్పుకుంటే నీతో నాకు పేచీ లేదు.

మేనకోడలు: ఒప్పుకుంటాను. మీరూ ఒకటి ఒప్పుకోవాలి. క్షమించను అన్న కోపంతో సాక్ష్యాన్ని కూడా తోసేయకండి. ఆ సాక్ష్యం పోతే నష్టపోయేది అగ్రరాజ్యం కాదు, ఆ రోజు దాడికి గురవుతున్న చిన్న దేశం. బాగ్దాద్‌కు న్యాయం జరగలేదని కీవ్‌కు కూడా న్యాయం లేదంటే, బాగ్దాద్‌లో చనిపోయినవాళ్ళకు ఒరిగేది ఏముంది?

మామ: ఏమీ లేదు. చరిత్ర చెప్పినవాడిగా నేను కోరేది కూడా ఒకటే. హెచ్చరిక విన్నాక ఆ హెచ్చరించినవాడు మనముందు పెట్టే కాగితాన్ని ఆఖరి పంక్తి దాకా చదవాలి. ఎవడి సైన్యం ఎప్పటిదాకా ఉంటుంది, ఖర్చు ఎవరిది, పొమ్మనే హక్కు ఎవరి చేతిలో ఉంది? 1798లో నిజాం దివాను ఆ కాగితాన్ని ఆ కళ్ళతో చదివి ఉంటే, రెండేళ్ళ తర్వాత గుత్తి రాసివ్వాల్సిన గతి పట్టేది కాదు.

ఇద్దరి వాదమూ విన్నాక ఈ వ్యాసకర్త తీర్పు ఇది. పరాయి గడ్డమీదికి సైన్యం పంపడం తప్పు అన్న సూత్రం అగ్రరాజ్యాల సొత్తు కాదు. అది పాంచాలంకురిచ్చి, విరూపాక్షి, బొబ్బిలి, గుత్తి లాంటి చోట్ల జనం మూల్యం చెల్లించి సంపాదించుకున్నది. దాన్ని అగ్రరాజ్యాలు అరువు తెచ్చుకుని వాడుకుంటున్నాయి. అరువు తెచ్చుకున్నవాడు దాన్ని మైలపరిచాడని మనం వదులుకోవడం ఎంత తప్పో, వాడి నోట వినబడింది కదా అని వాడినే న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం అంత తప్పు. "నువ్వూ చేశావుగా" అని ఏ దేశాన్ని అడిగినా, మన దేశాన్ని అడిగినా, ఆ వెంటనే "కాబట్టి ఇకమీద ఎవరూ చేయకూడదు" అని కూడా అనండి. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట అనేవాళ్ళు, వాళ్ళు ఏ జెండా పట్టుకున్నా, రేపటి దాడికి ఈ రోజే దారి వేస్తున్నారు.